తంగేడు పెంచుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య) దగ్గర పడిందంటే, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ వైపు తెలుగు ఇళ్లలో ఒకటే వెతుకులాట, తంగేడు ఎక్కడ దొరుకుతుందని. గునుగు దొరుకుతుంది, బంతి అంగట్లో కొనుక్కోవచ్చు, గుమ్మడి పువ్వు ఎవరి పాదు మీదనైనా ఉంటుంది. తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చాలంటే మాత్రం ఎవరికీ మనసొప్పదు. ఒకప్పుడు ఊరు దాటగానే బీళ్లలో, చెలక గట్ల మీద, బండ్ల బాట పక్కన కావలసినంత ఉండేది. గట్లకు గడ్డిమందు కొట్టడం, బీళ్లు ప్లాట్లు కావడం, మిగిలిన పొదలను కొమ్మలకు కొమ్మలు విరుచుకుపోవడం, ఈ మూడూ కలిసి ఊరి దగ్గర తంగేడు లేకుండా చేస్తున్నాయి. రాజురా, బల్లార్‌పూర్, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ నుంచి చుట్టాలు ఫోన్ చేసినా ఇదే మాట చెబుతున్నారు. దీనికి నాకు కనిపించే దారి ఒక్కటే. ఇంటికో పొద, గట్టుకో నాలుగు పొదలు మనమే గింజ వేసి పెంచుకోవాలి. పెద్ద కష్టమేం కాదు. నన్ను తరచుగా అడిగేవాటికి నాకు తెలిసినంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మా వీధిలో పసుపు పూల చెట్టు ఒకటి ఉంది. అది తంగేడేనా?

ముందు ఇది తేల్చుకోవాలి. ఎందుకంటే పసుపు పూలు పూసేవాటిని చాలావాటిని తంగేడు అనేస్తున్నారు. అసలు తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. మనిషి నడుము ఎత్తు నుంచి తల దాటేంత వరకు పెరిగే పొద. మొదలు నుంచే చాలా కొమ్మలు వేస్తుంది. నున్నటి గోధుమరంగు బెరడు.

ఒక ఆకు తెంపి చేతిలో పట్టుకుని చూడండి. ఈనెకు అటూ ఇటూ ఎదురెదురుగా 8 నుంచి 12 జతల చిన్న ఆకులుంటాయి. కొసలు గుండ్రంగా ఉండి, చివర వెంట్రుకంత ముల్లులాంటిది పొడుచుకొస్తుంది. జతకూ జతకూ మధ్య, ఈనె మీద, నిటారుగా నిలబడిన చిన్న బుడిపె ఉంటుంది. ప్రతి జత దగ్గరా ఉందో లేదో చూడాలి. ఇక ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట చెవి ఆకారంలో ఒక పచ్చటి రేకు కొమ్మను పట్టుకుని ఉంటుంది. ఎండాకాలంలో పువ్వు లేకపోయినా ఈ చెవి రేకు చూసి తంగేడును గుర్తుపట్టొచ్చు. వేరే పసుపు పూల చెట్లలో ఇంత పెద్దగా, వెడల్పుగా కనిపించదు.

ఇక పొరపాటు పడేవి. రోడ్ల పక్కన నీడ కోసం వేసిన పెద్ద చెట్టు సీమ తంగేడు. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన చెట్టు. పార్కుల్లో, కాలనీల్లో కనిపించే ఇంకో సెన్నా ఉంది, సురట్టెన్సిస్ అంటారు. పువ్వు అచ్చం తంగేడులాగే ఉంటుంది. కానీ బుడిపెలు కింది రెండు మూడు జతల దగ్గరే ఉంటాయి, చెవి రేకు ఉండదు. వానాకాలంలో దిబ్బల మీద మొలిచే తంటెం, కసివింద కూడా ఇదే కుటుంబం. రెండూ తంగేడు కాదు. కసివిందను నలిపితే ముక్కు పగిలే వాసన వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటి దగ్గర అది మొలిస్తే వెంటనే పీకేయండి. కసివింద గింజలు తిన్న పిల్లలకు కాలేయం, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు ఉత్తరాది రాష్ట్రాల్లో నమోదయ్యాయి.

నర్సరీలో మరాఠీలో ఏమని అడగాలి?

తరవడ్ అని అడగండి. తరోటా అని మాత్రం అనకండి. విదర్భలో తరోటా అంటే తంటెం. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇక్కడ చాలామంది తికమక పడుతున్నారు. మొక్క తెచ్చి చూపించినప్పుడు పైన చెప్పిన చెవి రేకు ఉందో లేదో చూసి కొనండి.

మాది నల్లరేగడి. తంగేడు ఎర్ర చెలకల్లోనే కదా వచ్చేది?

రెండింట్లోనూ వస్తుంది. నాందేడ్ జిల్లా నల్లరేగడి బీళ్లలో, గట్ల మీద సహజంగా పెరిగే తంగేడే దీనికి సాక్ష్యం. రాళ్ల నేల, మొరం, ఇసుక కలిసిన నేల, కాస్త చౌడు తగిలిన నేల, దేన్నీ కాదనదు. సారం తక్కువైనా సర్దుకుంటుంది. అది ఓర్చుకోలేనిది వేరు దగ్గర నిలిచే నీరు ఒక్కటే.

రేగడి నేలలో సమస్య అక్కడే వస్తుంది. వానాకాలంలో ఆ మట్టి నీళ్లు పట్టుకుని వదలదు. అందుకని రేగడిలో చదును మీద కాకుండా గట్టు మీదో, జానెడు ఎత్తు పోసిన మట్టి దిబ్బ మీదో వేయండి. మా సిరొంచలో ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. రోజుల తరబడి వరద నిలిచే పల్లపు చేనులో తంగేడు వేయడం దండగ. ఇంటి వెనక మెరక చూసుకోండి.

అడవిలో బోలెడు ఉంది. ఒక మొక్క తవ్వి తెచ్చుకుంటే సరిపోదా?

వద్దు. రిజర్వు ఫారెస్టులో మొక్క తవ్వడం చట్టప్రకారం నేరం. గడ్చిరోలి జిల్లాలో ఊరు దాటితే చాలావరకు అటవీ భూమే. అది అలా ఉంచినా, తవ్వి తెచ్చిన తంగేడు బతకడం కష్టం. ఈ మొక్క పైకి జానెడు పెరిగేలోపే తల్లివేరును బాగా లోతుకు దింపుతుంది. గడ్డపారతో పెళ్లగించేటప్పుడు ఆ వేరు తెగుతుంది. నాలుగు రోజులు పచ్చగా కనిపించి, ఆ తర్వాత ఆకు రాల్చి ఎండుతుంది. అడవిలో ఒక పొద పోయింది, ఇంట్లో ఒక పొద రాలేదు. గింజతో ఐతే ఆ నష్టం లేదు.

కొమ్మ నాటితే వస్తుందా?

గన్నేరులా, మందారంలా సులువుగా రాదు. గింజ చేతిలో ఉండగా కొమ్మతో తంటాలెందుకు?

గింజలు ఎప్పుడు కోయాలి?

వానలు తగ్గాక పూసిన పూలు కాయలై, చలికాలం చివరికి ఎండుతాయి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి సమయం. కాయ చదునుగా, కాగితంలా పలచగా, వేలెడంత పొడవుంటుంది. లోపల గింజ ఉన్న ప్రతిచోటా ఉబ్బు కనిపిస్తుంది. ఒక్కో కాయలో 12 నుంచి 20 దాకా గింజలుంటాయి. కాయ లేత గోధుమరంగుకు వచ్చి, ఊపితే గలగలమన్నప్పుడు కోయండి. పచ్చి కాయలోని గింజ సరిగా మొలవదు.

ఒకే పొద నుంచి అన్నీ కోయకండి. నాలుగైదు పొదల నుంచి తలా కొన్ని తీసుకుంటే, మీ దగ్గర పెరిగే మొక్కల్లో రకరకాల గుణాలుంటాయి, తల్లి పొద కింద రాలడానికీ కొన్ని మిగులుతాయి. మీ ఊరి చుట్టుపక్కల గింజే మంచిది. 45 డిగ్రీలు దాటే మా ఎండకు, మా వానకు అలవాటు పడిన గింజ అది.

ఎండిన కాయలను నలిపి చాటలో చెరగండి. చిన్న గుండ్రటి రంధ్రం ఉన్న గింజలను ఏరి పారేయండి. లోపల పురుగు తొలిచిన గింజలవి. మిగతావాటిని రెండు రోజులు నీడలో ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టండి. పైన పెంకు గట్టిది కాబట్టి తేమ, పురుగు తగలకపోతే చాలాకాలం నిలుస్తాయి.

అక్కా, గింజలు చల్లి నెల దాటింది. ఒక్కటీ మొలవలేదు. గింజలు చెడిపోయాయా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. గింజలు చెడిపోలేదు, వాటిలోకి నీళ్లు పోలేదు, అంతే. తంగేడు గింజ పెంకు నీటిని రానివ్వదు. అడవిలో ఎండకు, రాళ్ల రాపిడికి ఆ పెంకు ఏళ్ల మీద నెమ్మదిగా పగులుతుంది, అందుకే ఒకే ఏడు రాలిన గింజలు ఒకేసారి మొలవవు. ఒక ఏడు వానలు సరిగా పడకపోయినా గింజలన్నీ చచ్చిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మనకు అన్నీ ఒకేసారి కావాలి కాబట్టి పెంకును మనమే తెరవాలి.

ఇంట్లో చేయగలిగే పద్ధతి వేడినీళ్లు. గిన్నెలో నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి గింజలు వేయండి. గింజల కంటే నీళ్లు ఐదారు రెట్లు ఎక్కువుండాలి. మంట మీద ఉడికించకూడదు, ఉడికితే మొలక చస్తుంది. అలాగే మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే కొన్ని గింజలు రెట్టింపు లావు ఉబ్బి, పెంకు మెత్తబడి ఉంటాయి. మరికొన్ని నిన్నటిలాగే నల్లగా, గట్టిగా, అడుగున ఉంటాయి. ఉబ్బినవాటిని ఆ రోజే విత్తండి. ఉబ్బనివాటిని పారేయక్కర్లేదు, ఇంకోసారి వేడినీళ్లలో వేయండి.

ఓ పది, ఇరవై గింజలే ఉంటే ఇంకో పద్ధతి ఉంది. ఒక్కో గింజను గరుకు కాగితం మీదో, అరుగు బండ మీదో ఒక పక్క రుద్దండి. లోపలి లేత రంగు కాస్త కనిపించగానే ఆపండి. గింజ కాయకు అతుక్కుని ఉన్న కొస వైపు రుద్దకూడదు, మొలక వచ్చేది అక్కడి నుంచే. రుద్దిన గింజలను మామూలు నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు. ఓపిక ఉన్న పిల్లలకు ఈ పని అప్పజెప్పొచ్చు, ఇష్టంగా చేస్తారు.

ఇలా చేసిన గింజలు మామూలుగా వారం, రెండు వారాల్లో మొలుస్తాయి.

నేరుగా నేలలో వేయాలా, కవర్లలోనా?

చోటు ఖాయమైతే నేరుగా నేలలోనే వేయండి. వేరు ఎక్కడా వంగకుండా, తెగకుండా దిగుతుంది. మృగశిర కార్తెలో మంచి వాన ఒకటి పడి నేల తడిశాక విత్తాలి. గుంటకు మూడు నాలుగు గింజలు, వేలి మొదటి కణుపులో సగం లోతు. అంతకంటే లోతు వద్దు. మొలిచాక గట్టిదాన్ని ఒకటి ఉంచి మిగతావి కత్తిరించేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

కోళ్లు గెలికే పెరడైతే, వాన నమ్మకం లేని ఊరైతే కవర్లు మేలు. మామూలు పొట్టి కవర్లు కాకుండా జానెడుకు తగ్గని పొడుగు కవర్లు తీసుకోండి. మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పెంట ఎరువు ఒక పాలు. ఏప్రిల్ చివర్లో కవర్లలో వేసి, ఎండ మరీ తగలకుండా చూసుకుంటే జూన్ చివరికి నాటడానికి సిద్ధమవుతాయి. రెండు నెలలు దాటి కవర్‌లో ఉంచొద్దు. వేరు అడుగున చుట్టుకుపోతే ఆ మొక్క నేలలో పడ్డాక కూడా సరిగా లేవదు.

విడి పొదలైతే మొక్కకూ మొక్కకూ ఐదు అడుగులు, కంచెలా కావాలంటే రెండు, రెండున్నర అడుగులు.

నీళ్లు ఎన్నిసార్లు పెట్టాలి?

మొదటి వానాకాలం అక్కర్లేదు, పది రోజులు వాన ఎగ్గొడితే తప్ప. మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి ఒక బిందె నీళ్లు నెమ్మదిగా పోయండి. మా దగ్గర మే నెల ఎలా ఉంటుందో తెలిసిందే, ఏడాది మొక్కకు ఆ సాయం కావాలి. పాదులో ఎండుగడ్డి పరిస్తే ఇంకా మంచిది. రెండో ఏడు నుంచి నేలలో ఉన్న తంగేడుకు నీళ్లు పెట్టే పనే లేదు. రోజూ బట్టలుతికిన నీళ్లు పారే చోట వేసి, ఆకు పసుపు పచ్చగా అవుతోందని అడుగుతారు. అక్కడ వేయకండి.

ఎరువు?

నాటేటప్పుడు గుప్పెడు పెంట ఎరువు చాలు. యూరియా జోలికి పోవద్దు.

మేం క్వార్టర్స్‌లో ఉంటాం. కుండీలో పెరుగుతుందా?

పెరుగుతుంది. బల్లార్‌పూర్, ఘుగ్గుస్ లాంటి చోట్ల గనుల కాలనీల్లో ఉండేవాళ్లకు ఇదొక్కటే దారి. 20 లీటర్ల పెయింట్ డబ్బా అడుగున ఐదారు రంధ్రాలు పెట్టి, అడుగున గులకరాళ్లు కాకుండా నేరుగా ఇసుక ఎక్కువ కలిసిన మట్టి నింపండి. కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. ఉత్తరం వైపు బాల్కనీలో పెడితే పొద బతుకుతుంది కానీ పూయదు. డాబా మీద పెట్టడం అన్నిటికంటే మేలు. కుండీలోని మొక్కకు మాత్రం ఎండాకాలం రోజు విడిచి రోజు నీళ్లు కావాలి. పైమట్టి రెండు వేళ్ల లోతు ఎండిందో లేదో చూసి పోయండి. ఎత్తు మూడు అడుగులు దాటనివ్వకుండా ఏటా కత్తిరిస్తుంటే గాలికి డబ్బా పడిపోదు.

ఎన్నాళ్లకు పూస్తుంది? బతుకమ్మ నాటికి నిండుగా పూయాలంటే ఏం చేయాలి?

జూన్‌లో గింజ వేస్తే కొన్ని మొక్కలు ఏడాది తిరిగేసరికి నాలుగు పూలు చూపిస్తాయి. నిండు పొద రెండో ఏడు, మూడో ఏడు చూస్తారు. తంగేడు ఏడాదిలో ఎప్పుడైనా అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది. కానీ వానల తర్వాత విరగబూస్తుంది. భాద్రపద అమావాస్య నుంచి ఆశ్వయుజ అష్టమి దాకా సాగే బతుకమ్మ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది.

ఆ పూత నిండుగా రావడం మన కత్తెర మీద ఆధారపడుతుంది. తంగేడు పూలు కొత్తగా వేసిన కొమ్మల కొసలకు, ఆ కొసల దగ్గరి ఆకు మొదళ్లలో గుత్తులుగా వస్తాయి. కొత్త కొసలు ఎన్ని ఎక్కువుంటే అన్ని గుత్తులు. కాబట్టి గింజలు కోసుకున్నాక, శివరాత్రికీ ఉగాదికీ మధ్య, పొదను మోకాలి ఎత్తుకు కోసేయండి. మొదటిసారి చేసేటప్పుడు చంపేస్తున్నామేమో అని భయం వేస్తుంది. భయపడొద్దు. పూర్వం బెరడు కోసం ఈ పొదలను నేల దగ్గరికి నరికేవాళ్లు, మోడు నుంచి మళ్లీ గుబురుగా లేచేవి. అంత గట్టి ప్రాణం దీనిది. ఐతే మొదటి ఏడాది మొక్కను అలా కోయకండి, రెండో ఏడు నుంచి మొదలుపెట్టండి.

తొలకరి తర్వాత చిగుళ్లు జానెడు పెరిగాక, జూలై మొదట్లో, ప్రతి చిగురు కొసనూ గోటితో తుంచండి. ఒక్కో చిగురు రెండు మూడుగా చీలుతుంది. ఆగస్టు మొదలయ్యాక కత్తెర ముట్టుకోవద్దు. అప్పుడు కోస్తే పోయేది మొగ్గలే.

పొద ఏపుగా ఉంది, పువ్వు మాత్రం లేదు. ఎందుకు?

నీడ, యూరియా, ఎక్కువ నీళ్లు. ఈ మూడింట్లో ఒకటై ఉంటుంది. పక్కన వేప కొమ్మ అడ్డం వచ్చిందేమో చూడండి. పొద చుట్టూ ఉన్న కూరగాయల మడికి వేసే ఎరువు దీనికీ అందుతోందేమో చూడండి.

ఆకులన్నీ పురుగు తినేస్తోంది. ఏ మందు కొట్టాలి?

పురుగును దగ్గరగా చూడండి. ఆకుపచ్చగా, నున్నగా ఉండి, ఒంటి పక్కన లేత గీత ఉంటే అది సీతాకోకచిలుక పిల్ల. లేత ఆకుపచ్చ, తెలుపు కలిసిన రంగులో వానాకాలం పొదల మీద తిరిగే సీతాకోకచిలుకలు తంగేడు ఆకు మీద గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు ఈ జాతి మొక్కల ఆకులు తినే పెరుగుతాయి. మన పెరట్లో తంగేడు వేశామంటే వాటికీ చోటిచ్చినట్టే, నాకైతే అది సంతోషం. రెండు మూడు వారాల్లో అవి గూడు కట్టుకుని ఎగిరిపోతాయి, పొద మళ్లీ చిగురిస్తుంది. మందు కొట్టొద్దు. ఇంకా జానెడు ఎత్తైనా లేని మొక్క మీద ఉంటే మాత్రం పురుగులను పుల్లతో తీసి పెద్ద పొద మీదికి మార్చండి.

పేనుబంక, పిండినల్లి వేరే సంగతి. ముందు నీళ్లు గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

నల్లటి పెద్ద తుమ్మెదలు పూల చుట్టూ జుయ్యిమని తిరుగుతున్నాయి. పిల్లల్ని కుడతాయా?

వాటిని తరమకండి, మీకు కాయలు కావాలంటే అవే రావాలి. జోలికి పోనంతవరకు అవి ఎవరినీ ఏమీ చేయవు.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అది కూడా బయటికి రాలి ఉండదు. ఒక పువ్వును దగ్గర పెట్టుకుని చూడండి. ముడతల అంచుల ఐదు పసుపు రేకులు, వాటి మీద సన్నటి నరాలు. మధ్యలో పది కేసరాలుంటాయి, కానీ పదీ ఒకేలా ఉండవు. పైన మూడు చిన్నవి, పనికిరానివి. మధ్యలో నాలుగు పొట్టివి. కింద మూడు పొడుగ్గా, వంకరగా ఉంటాయి. పుప్పొడి ఆ తిత్తుల లోపలే ఉండి, కొసన ఉన్న సన్నటి రంధ్రం గుండా మాత్రమే బయటికి వస్తుంది. తుమ్మెద కేసరాలను కాళ్లతో పట్టుకుని రెక్కల కండరాలను అదిరిస్తుంది. జుయ్యిమనే ఆ శబ్దం అదే. ఆ అదురుకు ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి రాలుతుంది. మధ్య కేసరాల పుప్పొడి తుమ్మెద తీసుకుంటుంది, కింది పొడుగు కేసరాల పుప్పొడి దాని ఒంటికి అంటుకుని వేరే పువ్వుకు చేరుతుంది. మామూలుగా వాలిపోయే ఈగలకు ఈ పని చేతకాదు. ఎండిన మోళ్లలో, వెదురులో గూడు పెట్టే ఈ నల్ల తుమ్మెదలు ఊళ్లో ఉంటేనే తంగేడు కాయ నిండుగా పడుతుంది. అందుకే ప్రతి ఎండు మోడునూ పొయ్యిలోకి పంపకుండా ఒకటో రెండో పెరటి మూలన వదిలేయమంటాను.

మేకలు తినేస్తాయా?

పెద్ద పొదను పశువులు పెద్దగా ముట్టవు. బీళ్లలో మిగిలి బతికింది అందుకే. లేత మొక్కను మాత్రం మేక రుచి చూడకుండా వదలదు, తొక్కుడు భయం కూడా ఉంటుంది. మొదటి ఏడు చుట్టూ తుమ్మ కంప పెట్టండి.

గట్టు మీద వేస్తే పంటకు ఏమైనా నష్టమా? పప్పుజాతి కదా, నత్రజని ఇస్తుందా?

కుటుంబం పప్పుజాతిదే కానీ, కంది, పెసర వేళ్లకు ఉండే బుడిపెలు తంగేడు వేళ్లకు ఉండవు. గాలిలోని నత్రజనిని తెచ్చి నేలకు ఇవ్వదు. ఐతే ఆకు మంచి పచ్చిరొట్ట. వరి నాట్లకు ముందు తంగేడు ఆకు కొట్టుకొచ్చి మడిలో తొక్కడం పెద్దలు చేసిన పనే. మార్చిలో, జూలైలో కత్తిరించిన కొమ్మల ఆకును మీరూ అలా వాడుకోవచ్చు. వేరు లోతుకు పోతుంది కాబట్టి గట్టు మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. పత్తి, మిరప చేలకు నీడ పడేంత ఎత్తు పెరగదు.

గడ్డిమందు విషయం మాత్రం ముందే తేల్చుకోండి. గట్టుకు మందు కొట్టే అలవాటు మానకుండా తంగేడు వేసి లాభం లేదు. కూలీ దొరకదన్న బాధ నాకూ తెలుసు. పొద ఉన్న చోటు వరకైనా కొడవలితో కోయించండి.

పూలు ఎలా కోయాలి? కొమ్మ విరిస్తే పొదకు మంచిదే కదా, కత్తిరింపులా?

కాదు. ఈ మాట అనుకునే మన ఊళ్ల దగ్గరి పొదలను ఖాళీ చేశాం. పెత్రమాస ముందు విరిచే కొమ్మ మీద పూలే కాదు, వచ్చే రెండు నెలల మొగ్గలూ, ఆ ఏటి గింజలూ ఉంటాయి. బతుకమ్మ పేర్చడానికి పొడుగు కొమ్మ అవసరం కూడా లేదు. సిబ్బిలో వరుస పేర్చడానికి పువ్వు గుత్తికి నాలుగు వేళ్ల కాడ ఉంటే చాలు. చిన్న కత్తెరతో గుత్తి కిందే కోయండి. ఒక్కో పొద మీద మూడో వంతు గుత్తులు ముట్టకుండా వదలండి. అవి కాయలవుతాయి.

తొమ్మిది రోజులకూ ఒకే పొద మీద పడకుండా, నాలుగైదు పొదలుంటే రోజుకో పొద చొప్పున కోసుకోవచ్చు. చివరిదైన సద్దుల రోజుకు ఎక్కువ కావాలి కాబట్టి ఒకటి రెండు పొదలను ఆ రోజు కోసమే ఉంచుకోండి. పొద్దున్నే మంచు ఆరకముందు కోసి, తడిబట్టలో చుట్టి నీడలో పెడితే సాయంత్రం దాకా వాడవు. నీళ్లలో ముంచి పెట్టొద్దు, రేకులు రాలతాయి.

పక్కింటి మరాఠీ వాళ్లు అడిగితే కూడా ఇవ్వండి. నవరాత్రుల్లో ఘటం మీద తరవడ్ పూల మాల కట్టే ఆచారం మహారాష్ట్రలో చాలాచోట్ల ఉంది. వాళ్ల పండుగా మన పండుగా ఒకే రోజుల్లో, ఒకే పువ్వుతో. తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పొదకు మాత్రం సరిహద్దు లేదు, గోదావరికి ఇటూ అదే, అటూ అదే. గింజ కూడా పంచుకుంటే వాళ్ల వాకిట్లోనూ ఒక పొద పెరుగుతుంది.

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందట, నిజమేనా?

పల్లె వైద్యంలో, ఆయుర్వేదంలో వాడకం పాతదే. శ్రీలంకలో రణవర అనే పేరుతో ఈ పూల కషాయం తాగుతారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చక్కెర తగ్గినట్టు చెప్పిన పరిశోధనలున్నాయి. అది చూసి డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేయడం ప్రమాదం. మాత్రలతో పాటు కషాయం తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. ఫిట్స్‌కు కార్బమజెపిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి, ఈ కషాయంతో కలిస్తే ఆ మందు రక్తంలో పెరుగుతుందని ఎలుకల మీది ప్రయోగంలో తేలింది. గర్భిణులు తాగొద్దు. డాక్టర్‌ను అడగకుండా ఎవరూ మొదలుపెట్టొద్దని నా మాట.

తోళ్లకు వాడేవారట కదా?

అవును. బెరడులో 15 నుంచి 20 శాతం దాకా టానిన్ ఉంటుంది. దక్షిణాదిలో తోళ్లు పదును చేయడానికి ఒకప్పుడు ముఖ్యమైన సరుకు ఇదే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు వచ్చాక దీని వాడకం తగ్గింది.

మా దగ్గర ఒక్క పొద కూడా లేదు. గింజ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడే వెతకడం మొదలుపెట్టకండి, పూసినప్పుడు గుర్తు పెట్టుకోండి. దసరా రోజుల్లో బస్సులో పోతున్నా పసుపు పొద దూరం నుంచే కనిపిస్తుంది. పాత గుడి వెనక, శ్మశానం పక్కన, రైలు కట్ట మీద, చెరువు కట్ట దిగువన చూడండి, మందు కొట్టని చోట్లు ఇవే. చోటు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మకర సంక్రాంతికి అదే చోటికి వెళితే కాయ ఎండి ఉంటుంది. పొలం ఎవరిదైనా ఐతే అడిగి కోయండి, పది కాయలు చాలు, వాటిలో వందకు పైగానే గింజలుంటాయి. అప్పటికీ దొరక్కపోతే అవతలి ఒడ్డున కాళేశ్వరం వైపో, నిజామాబాద్ వైపో ఉన్న చుట్టాలను అడగండి. కాగితం కవర్‌లో వేసి పంపితే చాలు, ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది.